ప్రసారం పల్లె చేరడానికి యాభై ఏళ్ళు

1927 జూలై 23న వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషన్‌ను ప్రారంభించేనాటికి దేశం మొత్తం మీద రేడియో లైసెన్సులు వెయ్యి కూడా లేవు. ఆ ఏడాది ఆఖరుకు మూడున్నర వేలు దాటాయి. అదే సంవత్సరం బ్రిటన్‌లో లైసెన్సులు ఇరవై లక్షల పైచిలుకు. మన జనాభా అప్పటికే ముప్ఫై కోట్లు దాటింది. ఇంత తేడా ఎందుకు వచ్చిందంటే మనకు అలవాటైన జవాబు ఒకటుంది: దేశం పేదది, భాషలు ఎక్కువ, యంత్రం కొత్త. అందులో అబద్ధమేమీ లేదు. కానీ తొలి యాభై ఏళ్ళ చరిత్రను వరసగా చదివితే ఆ జవాబు సరిపోదనిపిస్తుంది. స్టేషన్ ఎక్కడ పెట్టాలి, ఏ వేవ్ మీద పంపాలి, సెట్టు మీద సుంకం ఎంత వెయ్యాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు వచ్చిన ప్రతిసారీ తీసుకున్న నిర్ణయం పట్నానికి అనుకూలంగానే పడింది. పల్లె పేరు మాత్రం ప్రతి ఉపన్యాసంలోనూ ఉంది.

మన దేశంలో ప్రసారాలు మొదలుపెట్టింది ప్రభుత్వమూ కాదు, వ్యాపారులూ కాదు. సరదాపడిన ఔత్సాహికులు. 1923లో బొంబాయి, కలకత్తాల్లో రేడియో క్లబ్బులు వెలిశాయి. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి అనే ఇంజనీరు పూనికతో 1924 మే 16న మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న ప్రసారాలు ప్రారంభించింది. ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు. ఒకప్పుడు ఇంట్లో వెలిగిన పాతకాలపు బల్బు అంత. సభ్యుల చందాలతో మూడేళ్ళు నడిచి, డబ్బు చాలక 1927లో క్లబ్బు చేతులెత్తేసింది. పోతూ పోతూ ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించింది.

ఆ తర్వాత జరిగినదానికి మన ప్రసార చరిత్రల్లో దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషన్ ఆ ట్రాన్స్‌మిటర్‌తో సాయంత్రాలు సంగీతం వేసింది, తన బడుల్లో కొన్నింటికి పాఠాలు పంపింది, మెరీనా బీచిలోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు పెట్టి వచ్చినవాళ్ళందరికీ వినిపించింది. వినేవాడికి సెట్టు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. గాలికి బీచికి వచ్చిన రిక్షావాడు, వకీలు ఒకే కచేరీ విన్నారు. ఖర్చు నగరపాలక సంస్థది. వీధి దీపం, కుళాయి లాగే రేడియో కూడా ఊరుమ్మడి సదుపాయం కావచ్చని మన దగ్గర మొదట చేసి చూపింది ఆ సంస్థే. 1938లో ఆలిండియా రేడియో మద్రాసు స్టేషన్ వచ్చేదాకా ఈ ప్రసారాలు నడిచాయి. ఆ దారిన మిగతా పట్నాలు, జిల్లా బోర్డులు నడిచివుంటే కథ వేరేగా ఉండేది.

నడిచిన దారి వేరు. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ లెక్కలు చూస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది. పదిహేను లక్షల మూలధనానికి అనుమతి ఉంటే పోగైంది ఆరు లక్షలు. అందులో నాలుగున్నర లక్షలు బొంబాయి, కలకత్తా స్టేషన్ల నిర్మాణానికే పోయాయి. ఒక్కో ట్రాన్స్‌మిటర్ శక్తి ఒకటిన్నర కిలోవాట్లు. వినిపించేది నగరానికీ చుట్టుపక్కలకీ మాత్రమే. లైసెన్సు ఏడాదికి పది రూపాయలు. అందులో ఎనిమిది కంపెనీకి, రెండు ప్రభుత్వానికి. 1929 ఆఖరుకు లైసెన్సులు 7,775. అంటే కంపెనీకి లైసెన్సుల మీద ఏడాదికి వచ్చేది అరవై రెండు వేలు. ఖర్చులన్నీ కుదించుకున్నాక కూడా నెలకు అయ్యేది ఇరవై నాలుగు వేలు. దిగుమతి సెట్ల ధర మీద పది శాతం వసూలు చేసుకునే హక్కు ఉన్నా లోటు పూడలేదు. 1930 మార్చి 1న కంపెనీ దివాలా తీసింది.

బ్రిటన్‌లో బి.బి.సి. మొదట సెట్లు తయారుచేసే కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ. కార్యక్రమం బాగుంటే సెట్లు అమ్ముడవుతాయి, ఆ లాభం వాళ్ళదే. అమెరికాలో 1922 నాటికే ప్రకటనలకు డబ్బు తీసుకోవడం మొదలైంది. ఇక్కడ ఈ రెండూ లేవు. సెట్లు ఓడల్లో రావాలి. సుంకం కట్టాలి. వాల్వు సెట్టుకు వందల్లో ధర. చౌకగా దొరికే క్రిస్టల్ సెట్టు స్టేషన్ పక్కనే ఉంటే తప్ప పలకదు. ఇన్ని అడ్డంకుల మధ్య వినేవాడి పది రూపాయలతోనే మొత్తం నడవాలని తీర్మానించడం ఆ కంపెనీ తలరాతను మొదటిరోజే రాసిపెట్టింది.

కంపెనీ పోయాక కూడా ప్రభుత్వం మనస్ఫూర్తిగా ముందుకు రాలేదు. సెట్ల వ్యాపారులు మొరపెట్టుకుంటే 1930 ఏప్రిల్ 1న ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ పేరుతో రెండేళ్ళ ప్రయోగంగా స్టేషన్లను తీసుకుంది. మాంద్యం రోజులు. 1931 అక్టోబరులో మూసేస్తామని ప్రకటించింది. ఆందోళన రేగితే నవంబరులో ఆ మాట వెనక్కు తీసుకుంది. తీసుకుంటూనే సెట్ల మీద దిగుమతి సుంకాన్ని పాతిక శాతం నుంచి యాభై శాతానికి పెంచింది. రేడియోను బతికించడానికి కావలసిన డబ్బును రేడియో కొనేవాడి దగ్గరే లాగారన్నమాట. సెట్టు ఖరీదెక్కితే పల్లె ఇంకా దూరమవుతుందన్న ఆలోచన ఆ నిర్ణయంలో ఎక్కడా కనబడదు.

అయినా గట్టెక్కింది. ఎలాగంటే, 1932 డిసెంబరులో బి.బి.సి. లండన్ నుంచి షార్ట్ వేవ్ మీద ఎంపైర్ సర్వీస్ మొదలుపెట్టింది. ఇక్కడున్న దొరలు స్వదేశపు గొంతు వినడానికి సెట్లు కొన్నారు. 1932లో ఎనిమిదిన్నర వేలున్న లైసెన్సులు 1934 చివరికి పదహారు వేలు దాటాయి. సుంకం రాబడి పెరిగింది. భారతీయ ప్రసార వ్యవస్థ నిలదొక్కుకున్నది లండన్ కార్యక్రమం పుణ్యాన. శ్రోత ఎవరు అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో దొరికిన జవాబు అదీ. ఇక చట్టం సంగతి: తంతి సమాచారం ప్రభుత్వ గుత్తసొత్తు అని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం చెప్పింది. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంతో లైసెన్సు లేకుండా సెట్టు ఉంచుకోవడమే నేరమైంది. మా చిన్నప్పుడు పోస్టాఫీసులో చిన్న పుస్తకం మీద స్టాంపులు వేయించుకోవడానికి పెద్దవాళ్ళు వరసలో నిలబడింది ఆ చట్టం వల్లే.

సంస్థానాల్లో కథ కొంత వేరు. మైసూరులో మహారాజా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఎం.వి. గోపాలస్వామి 1935 సెప్టెంబరులో తన ఇంట్లోనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి ‘ఆకాశవాణి’ అన్న పేరుతో ప్రసారాలు మొదలుపెట్టాడు. హైదరాబాదులో మహబూబ్ అలీ సొంతంగా నడుపుతున్న 200 వాట్ల స్టేషన్‌ను 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగైనా పెద్దపీట ఉర్దూకే. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం తన సైన్యం కాల్పులు ఆపిందని చెప్పింది ఈ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. హైదరాబాదు రేడియో చరిత్రను ఈ చివరి తేదీ నుంచి మొదలుపెట్టి రాసేవాళ్ళున్నారు. ముందున్న పదిహేనేళ్ళూ తెలుగు ప్రాంతపు చరిత్రే.

ఇప్పుడు అసలు మలుపు. 1935 ఆగస్టులో బి.బి.సి. నుంచి లయొనెల్ ఫీల్డెన్ వచ్చాడు. 1936 జూన్ 8న సంస్థ పేరు ఆలిండియా రేడియోగా మారింది. ఫీల్డెన్ మీద రెండు రకాల అంచనాలున్నాయి. సామ్రాజ్యపు ఉద్యోగి అన్నది ఒకటి, అధికారులతో పోట్లాడి కళాకారులకు చోటిచ్చిన దార్శనికుడన్నది రెండోది. ఆయన రాసిన 1940 నాటి నివేదిక చదివితే రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది. కానీ నా దృష్టిలో ఆ కాలంలో అసలైన నిర్ణయం చేసినది ఇంజనీర్లు. ప్రభుత్వం ముందు ఇరవై లక్షలు, తర్వాత మరికొంత ఇచ్చింది. ఆ డబ్బుతో ఇంత పెద్ద దేశాన్ని మీడియం వేవ్‌తో కప్పడం కుదరదు. బి.బి.సి. నుంచి వచ్చిన కిర్క్, ఆ తర్వాత చీఫ్ ఇంజనీరైన గాయిడర్ లెక్కలు వేశారు. నగరాలకు చిన్న మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు, మిగతా దేశానికి షార్ట్ వేవ్ అని తేలింది.

దీని ఫలితం మద్రాసు స్టేషన్‌లో చూడొచ్చు. 1938 జూన్ 16న ప్రారంభమైన ఆ స్టేషన్‌లో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ పావు కిలోవాటు, షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ పది కిలోవాట్లు. మీడియం వేవ్ మద్రాసు పట్నం దాటదు. బెజవాడలోనో రాజమండ్రిలోనో తెలుగు కార్యక్రమం వినాలంటే షార్ట్ వేవ్ పట్టాలి. దానికి ఎక్కువ వాల్వులున్న ఖరీదైన సెట్టు కావాలి, ఇంటి మీద వెదురుబొంగులకు కట్టిన పొడుగాటి ఏరియల్ కావాలి. అది ఉన్నా వాన కురిసే రాత్రి గరగరలే. మ్యాపు మీద దేశమంతా కప్పినట్టే కనబడుతుంది. చౌక సెట్టు తప్ప కొనలేని పల్లె ఆ మ్యాపులోంచి జారిపోయింది. ఇంజనీర్లను తప్పుపట్టడానికి లేదు. ఇచ్చిన డబ్బుకు అంతకన్నా మంచి దారి వాళ్ళకు లేదు. తప్పు డబ్బు ఇచ్చినవాళ్ళది.

అలాగని పల్లె కోసం ఎవరూ ఏమీ చేయలేదని కాదు. పెషావరులో మార్కొనీ కంపెనీ అరువిచ్చిన పరికరాలతో ఒకటి, అలహాబాద్ దగ్గర వ్యవసాయ విద్యాసంస్థ ఆధ్వర్యంలో ఒకటి, 1935–36లో ప్రయోగాలు జరిగాయి. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో ఊరుమ్మడి సెట్లు పెట్టారు. ఆ సెట్టు ఎలా ఉండేదో చెప్పాలి. తాళం వేసిన గట్టి పెట్టె. లోపల ఒకే స్టేషన్‌కు బిగించిన రిసీవరు. పక్కన గడియారం మీట. వేళ కాగానే తనే మోగుతుంది, వేళ దాటగానే తనే ఆగుతుంది. తిప్పడానికి బయట మరలు ఉండవు. కరెంటు లేదు కనుక బ్యాటరీలు, వాటిని మార్చడానికి తిరిగే లారీ. పల్లెవాడికి యంత్రం పాడుచేసుకోకుండా వినే వీలు కల్పించాలన్నది ఉద్దేశం. దాని వెనక ఇంకో భావం కూడా ఉంది: ఏం వినాలో, ఎప్పుడు వినాలో నిర్ణయించేది అతను కాదు. స్వాతంత్ర్యం తర్వాత మన పంచాయతీ రేడియోకు మరలు వచ్చాయి గాని తాళంచెవి మాత్రం సర్పంచి దగ్గరో గుమాస్తా దగ్గరో ఉండిపోయింది.

యుద్ధకాలంలో రేడియో ప్రచారయంత్రమైంది. వార్తల బులెటిన్లు పెరిగాయి. దేశం లోపల ప్రభుత్వం కాని గొంతు ఒక్కటే, అదీ కొద్దికాలం: 1942 ఆగస్టు 27 నుంచి నవంబరు 12 వరకు ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో ఇళ్ళు మారుస్తూ రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియో. పట్టుబడి జైలుకెళ్ళారు.

తెలుగువారికి ఈ కాలం ఇంకో రకంగా ముఖ్యం. మద్రాసు స్టేషన్‌లో 1941లో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు పాటకు రేడియో కొలత నేర్పాడు. సభ చప్పట్ల కోసం కాక మైకు ముందు ఒక్కడే కూర్చుని ఇంట్లో వినే ఒక్కడి కోసం పాడే తీరు అది. తెలుగు లలిత సంగీతం ఆ స్టూడియో గదిలో పుట్టిందంటే అతిశయోక్తి కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై పిల్లలకు మైకు ఇచ్చారు. పెద్దలు పిల్లలకు నీతులు చెప్పే కార్యక్రమం కాదది. పిల్లలే మాట్లాడి, పిల్లలే ఆడి, పాడిన కార్యక్రమం. శ్రోతను మైకు ముందుకు పిలవడం తెలుగు రేడియోలో వాళ్ళతోనే నిలదొక్కుకుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ స్టేషన్ వచ్చాక కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాలు మీడియం వేవ్ మీద తమ యాసను తాము విన్నాయి. కడప, విశాఖలకు 1963 దాకా ఆగాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకు మిగిలినవి ఆరు స్టేషన్లు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. దేశ విస్తీర్ణంలో రెండున్నర శాతానికి, జనాభాలో పదకొండు శాతానికి ప్రసారం అందేది. ఆ తర్వాత స్టేషన్లు పెరిగాయి. మంత్రి బి.వి. కేస్కర్ 1952 నుంచి సినిమా పాటను తగ్గించి శాస్త్రీయ సంగీతానికి చోటు పెంచాడు. శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్‌కు వెళ్ళిపోయారు. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసేది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టక తప్పలేదు. కేస్కర్ సంగీత విద్వాంసులకు చేసిన మేలు చాలా పెద్దది. వినేవాడి ఇష్టాన్ని పట్టించుకోకపోవడం కూడా అంతే పెద్ద పొరపాటు.

పల్లె విషయంలో ఆ దశాబ్దంలో జరిగిన గొప్ప పని వేరే ఉంది. 1956లో యునెస్కో సాయంతో పుణె చుట్టూ అయిదు జిల్లాల్లో నూట యాభై దాకా పల్లెల్లో రేడియో రూరల్ ఫోరమ్ ప్రయోగం నడిచింది. ఇరవై మంది దాకా రైతులు వారానికి రెండుసార్లు కూర్చుని కార్యక్రమం వింటారు, విన్నదాని మీద చర్చిస్తారు, సందేహాలు స్టేషన్‌కు రాస్తారు, వాటికి జవాబులు మళ్ళీ రేడియోలో వస్తాయి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ తరఫున పాల్ నాయిరాత్ పరిశీలించి తేల్చిందేమిటంటే, ఫోరమ్ ఉన్న ఊళ్ళలో జనం బాగా నేర్చుకున్నారు. రేడియో ఉండి ఫోరమ్ లేని ఊళ్ళలో పెద్దగా ఏమీ నేర్చుకోలేదు. సెట్టు ఇస్తే సరిపోదు, మాట్లాడుకునే చోటు కావాలి. 1959లో దేశమంతటా విస్తరించాక సంఖ్య పెరిగింది గాని ఉత్తరానికి జవాబిచ్చే ఓపిక, మనుషులు అంతగా పెరగలేదు.

టెలివిజన్ కూడా ఇదే దారిలో వచ్చింది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినప్పుడు వారానికి రెండు రోజులు, గంట చొప్పున కార్యక్రమం. యునెస్కో ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. పాతిక కిలోమీటర్ల పరిధిలో ఇరవై ఒక్క ఊరుమ్మడి సెట్లు. పేదదేశానికి టీవీ ఎందుకన్న వాదన అప్పుడు గట్టిగానే నడిచింది. రోజువారీ ప్రసారానికి 1965 వచ్చింది, రెండో స్టేషన్ బొంబాయిలో రావడానికి 1972 అయింది. ఈ మధ్యలో విక్రమ్ సారాభాయ్ ఒక్కడు ప్రశ్నను తిరగేశాడు. నగరాల నుంచి మొదలుపెట్టి ఎప్పటికో పల్లెకు చేరడం కాదు, ఉపగ్రహంతో నేరుగా పల్లెతోనే మొదలుపెడదామన్నాడు. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టూ ఎనభై పల్లెలకు కృషి దర్శన్ మొదలైంది. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థతో ఒప్పందం కుదిరింది. ఫలితం చూడటానికి సారాభాయ్ లేడు, 1971లోనే పోయాడు.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఏడాది, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ అందింది. సైట్ అని పిలిచిన ఈ ప్రయోగంలో తెలంగాణ, రాయలసీమ పల్లెలున్నాయి. సెట్లు తయారైంది హైదరాబాదు ఈసీఐఎల్‌లో. పంచాయతీ ఆఫీసో బడో చూసి, దాని పక్కన పది అడుగుల వెడల్పున్న యాంటెన్నా నిలబెట్టారు. అది కోళ్ళ దొడ్లకు వాడే తీగవల. పెద్ద ఫ్యాక్టరీ సరుకేమీ అక్కర్లేకుండా చౌకగా అయ్యేలా అహ్మదాబాదులోని ఇస్రో ఇంజనీర్లు తయారుచేశారు. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. ఒకే బొమ్మ మీద రెండు ధ్వనులు పంపేవాళ్ళు. మనకు తెలుగులో, కర్ణాటకకు కన్నడంలో. హైదరాబాదు కేంద్రంలో కార్యక్రమాలు తయారయ్యేవి. మొదటి రోజుల్లో ఒక్కో సెట్టు ముందు మూడు వందల మంది దాకా చేరారు, తర్వాత వంద దగ్గర నిలిచింది. ఇస్రో సామాజిక శాస్త్రవేత్తల పరిశీలనలో ఆరోగ్యం లాంటి విషయాల్లో ఎక్కువ నేర్చుకున్నది స్త్రీలు, చదువురానివాళ్ళు. వ్యవసాయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఏ నేలకు ఏ విత్తనమన్నది నాలుగు వందల ఊళ్ళకు ఒకే మాటగా చెప్పడం కుదరదు కదా.

నా దృష్టిలో 1924 నుంచి చూస్తే పల్లెను మొదటి వరసలో కూర్చోబెట్టిన జాతీయ స్థాయి నిర్ణయం ఇదొక్కటే. డబ్బు ప్రభుత్వానిది, సెట్టు ఊరిది, టెక్నాలజీని పల్లె అవసరం చూసి ఎంచుకున్నారు. అంతకు నలభై ఏళ్ళ ముందు షార్ట్ వేవ్ దగ్గర జరిగినదానికి పూర్తిగా వ్యతిరేకం. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. 1977 అక్టోబరు 23న నీలం సంజీవరెడ్డి హైదరాబాదు దూరదర్శన్‌ను ప్రారంభించారు. ఆ ట్రాన్స్‌మిటర్ పరిధిలోకి వచ్చిన సైట్ పల్లెలకు బొమ్మ మళ్ళీ వచ్చింది, రానివాటికి సెట్టు పెట్టెలాగే మిగిలింది. 1982లో ఏషియాడ్ కోసం రంగుల టీవీ, ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం వచ్చాక దృష్టి మళ్ళీ ఇంట్లో సొంత సెట్టు కొనగలిగినవాడి వైపు మళ్ళింది.

ఈ చరిత్ర రాసినవాళ్ళలో హెచ్.ఆర్. లూథ్రా సంస్థ లోపలి నుంచి తేదీలు, కిలోవాట్లు ఓపికగా నమోదు చేశాడు. ఆ పుస్తకం లేకపోతే చాలా సంగతులు పోయేవి. ఆలిండియా రేడియోలో పనిచేసిన మెహ్రా మసానీ ప్రభుత్వ పెత్తనాన్ని సూటిగా విమర్శించింది. ఇసబెల్ హువాకుహా అలోన్సో 2023లో వచ్చిన పుస్తకంలో శ్రోతల వైపు నుంచి, సరిహద్దులు దాటి వినే అలవాటు వైపు నుంచి రాసింది. ఇవన్నీ ఎక్కువగా హిందీ, ఉర్దూ ప్రాంతాల మీద నిలబడ్డవి. తెలుగు శ్రోత గురించి అలాంటి పని జరగాలి. 1975లో బడి వరండాలో తీగవల యాంటెన్నా పక్కన కూర్చుని సైట్ పాఠాలు చూసిన పిల్లలు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు. మెదక్‌లో, కర్నూలులో వాళ్ళను వెతికి పట్టుకుని ఏం చూశారో, ఏది గుర్తుందో, సెట్టు ఆగిపోయాక ఊళ్ళో ఏమనుకున్నారో అడిగి రికార్డు చేసే పనిని మన విశ్వవిద్యాలయాల జర్నలిజం, చరిత్ర శాఖలు ఈ అయిదారేళ్ళలోనే చేపట్టాలి.